సన్నని సెగ



వంటలను గూర్చి వ్రాయుటకు నేను సాధారణముగా వెనుదీయుదును. ఈ పత్రిక చదువు గృహిణులలో నాకంటె చేయి తిరిగినవారు ఎందరో కలరు. అయినను ఒక్క వంటకమును గూర్చి మాత్రము మీతో చెప్పక యుండలేకున్నాను. అది మన దేశపు వంటకము కాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమువారి ‘చిల్లీ’ యను మాంసపు కూర. కొవ్వు తీసిన మాంసముతో, పొయ్యిమీద గాక ఓవెనులో, సన్నని సెగను మూడు గంటలసేపు ఉంచి దానిని వండుట నేను నేర్చుకొంటిని. నేర్చుకొనుటకు ముందు మా యింట ఒక కలత పుట్టినది. ఆ కలతను దాచి వంటను మాత్రము చెప్పినచో ఉప్పులేని కూర వడ్డించినట్లగును.

మావారు గణితోపాధ్యాయులు. 2022వ సంవత్సరమున ఉపాధ్యాయుల వినిమయ పథకము క్రింద వారికి టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరమున ఒక పాఠశాలలో ఉద్యోగము దొరకినది. తెనాలి చేరువనున్న మా పల్లెను విడిచి, ఇద్దరు పిల్లలతో మేమిచ్చటికి వచ్చితిమి. నా బడిచదువు పదవ తరగతితో నిలిచినది. తక్కినదంతయు మా తాతగారి వీధియరుగుమీద చదివిన భారత భాగవతములే. ఆంగ్లము పుస్తకములో చదివినచో బోధపడునుగాని, ఎదుటివారు వడిగా మాటాడినచో నాకు తోచదు. కావున మొదటి యేడు నా లోకమంతయు వంటిల్లే అయినది.

2023లో మావారికి రక్తపరీక్ష చేయించగా చెడు కొలెస్టరాలు 172 అని తేలినది. వైద్యురాలు మాత్రలు వ్రాసియిచ్చి, నేతి వంటకములును వేపుడులును తగ్గింపుమనియు, మాంసము తినదలచినచో కొవ్వు తీసివేసి మితముగా తినుమనియు, దినమునకు అరగంటయైన నడువుమనియు చెప్పినది. ఆమె శాంతముగానే చెప్పినది. నా గుండెలో మాత్రము రాయి పడినది. ఏలనన, మా మామగారు 2019లో తమ అరువది యొకటవ యేట గుండెపోటుతో పోయిరి. ఆనాడు మావారు బడిలో పాఠము చెప్పుచుండిరి. కబురు విని పరుగున వచ్చునప్పటికే అంతయు ముగిసినది. తండ్రి కడసారి మాట వినలేకపోతినను దుఃఖము వారినింకను విడువలేదు. నాటినుండి వారు తండ్రి పేరెత్తుటయే మానిరి.

పరీక్ష ఫలితము వచ్చిన మరునాడే నేను వంటింటిని యుద్ధభూమి చేసితిని. నేయి డబ్బా చెత్తతొట్టి పాలైనది. మేకమాంసము తెచ్చి, కంటికి కనబడిన కొవ్వునంతయు కత్తితో గీకివేసి, ప్రెషరు కుక్కరులో ఏడెనిమిది కూతలు వచ్చువరకు ఉడికించి, గుంటూరు కారము చల్లి, పెద్దమంటమీద నీరంతయు ఇగిరించెడిదానను. అంత శ్రమపడినను ఆ ముక్కలు కొబ్బరిపీచువలె నుండెడివి. పిల్లలు వానిని పళ్లెపు అంచున పేర్చెడివారు. మావారు ఏమియు అనక, నాలుగు ముద్దలు నమిలి, మజ్జిగ పోసికొని లేచెడివారు. వారి మౌనమును నేను అంగీకారమనుకొంటిని. నా కాఠిన్యమును శ్రద్ధయనుకొంటిని.

ఒకనాడు బట్టలు ఉతుకుటకు వేయుచు మావారి చొక్కాజేబు తడుమగా, వేయించిన కోడిమాంసము అమ్ము దుకాణపు చీటీ దొరకినది. రెండు దినములకు ఇంకొకటి. ఆ రాత్రి భోజనమువేళ చీటీలు రెండును పళ్లెము ప్రక్కను పెట్టి, “మీ నాయనగారిని పొట్టనబెట్టుకొన్నది కూడ ఈ నాలుకయే కదా!” అంటిని.

ఆ మాట నోటినుండి వెడలిన క్షణముననే నా తప్పు నాకు తెలిసినది. మావారు నన్ను తిట్టలేదు. చేయి కడుగుకొని, పిల్లల తలలు నిమిరి, వెలుపలికి పోయి మెట్లమీద కూర్చుండిరి. తరువాత నాలుగు దినములు అవసరమైన మాటలు తప్ప మా నడుమ మాటలు లేవు. క్షమింపుడని అడుగుటకు పలుమారులు నోరు తెరచితిని, మాట రాలేదు.

మా ప్రక్కయింట డెబ్బదియైదేండ్ల ముదుసలి యొకతె ఒంటరిగా నుండును. మెక్సికో సంతతివారి బిడ్డ. నన్ను ‘మిహా’ యని పిలుచును. వారి స్పానిషు భాషలో అది ‘నా బిడ్డా’ యను ముద్దుమాట. నేనామెను అవ్వా యని పిలుతును. ఆ మాటకు అర్థము చెప్పిననాటినుండి ఆమెకు నాపై ఆపేక్ష హెచ్చినది. అయిదవనాడు మిగిలిన కూరను పారవేయబోవుచుండగా ఆమె చూచి, గిన్నెలోని ముక్క యొకటి తీసి నోటవేసికొనెను. చాలసేపు నమిలి, “మాంసములో తప్పులేదు, మిహా. నీవే దానిని తరిమి తరిమి కొట్టినావు,” అనెను. నాకు కన్నీరాగలేదు. కూర సంగతితో మొదలుపెట్టి మా యింటి సంగతియంతయు చెప్పుకొంటిని. ఆమె విని, “రేపు శనివారము. ఉదయముననే రా. చిల్లీ చేయుదము,” అనెను.

నేను వెనుకాడితిని. ఇచ్చటివారు చిల్లీని సాధారణముగా గొడ్డుమాంసముతో చేయుదురు. మా యింట అది వాడుక లేదు. ఆ మాట చెప్పుటకు మొగమాటపడుచుండగా ఆమెయే గ్రహించి, “మేకమాంసముతో చేయుదము. మా యింట మేక లేని పండుగ యెన్నడును లేదు,” అని నవ్వెను. మేకమాంసమున గొడ్డుమాంసముకంటె కొవ్వు తక్కువ. కావున వైద్యురాలి మాటకును, మా యింటి యాచారమునకును అదియే సరిపడినది.

ఆ దినము మిరపకాయలు తుంచుచు అవ్వ నాకు చిల్లీ కథ చెప్పినది. తరువాత గ్రంథాలయములో చదివి మరికొంత తెలిసికొంటిని. 1880 ప్రాంతమున శాన్ ఆంటోనియో నగరపు చౌకులలో, ప్రొద్దుగ్రుంకగానే మెక్సికను స్త్రీలు దీపములు వెలిగించి, బల్లలు వేసి, కట్టెలసెగపై ఉడికిన చిల్లీని అమ్మెడివారు. జనులు వారిని ‘చిల్లీ రాణులు’ అనిరి. 1893లో షికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ అంగడి యొకటి వెలసి ఆ రుచిని దేశమునకు ఎరుక చేసినది. ఆ దశకముననే, విలియం గెబ్‌హార్ట్ అను జర్మనీ దేశస్థుడు సమీపమునందలి న్యూ బ్రౌన్‌ఫెల్స్ పట్టణమున మిరపపొడి తయారుచేసి అమ్మనారంభించెను. 1930వ దశకమున నగర ఆరోగ్యాధికారుల నిబంధనలు బిగియగా రాణుల బల్లలు క్రమముగా లేచిపోయినవి. 1977లో టెక్సాసు శాసనసభ చిల్లీని రాష్ట్రపు వంటకముగా ప్రకటించినది. అవ్వ నాయనమ్మయు ఆ రాణులలో నొకతెయట. “కూరకు పట్టము కట్టిరి, వండినవారిని చౌకునుండి పంపివేసిరి,” అని అవ్వ తలయెత్తక చెప్పినది.

మిరపకాయను గూర్చి ఇక్కడ ఒక్కమాట చెప్పవలెను. అది మన పంట కాదు. అమెరికా ఖండములే దాని పుట్టినిల్లు. 1498లో వాస్కోడగామా కోళికోడు చేరిన పిమ్మట, పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలమీద అది మన తీరమునకు వచ్చినది. నన్నయ తిక్కనలుగాని, శ్రీనాథుడుగాని మిరపకాయ రుచి యెరుగరు. వారికి కారమనగా మిరియము, శొంఠి. మిరప లేనిదే ముద్ద దిగదనుకొను నేను, దాని పుట్టింటి చేరువకు కాపురము వచ్చితినని ఆనాడే తెలిసికొంటిని.

అవ్వ తెచ్చిన ఎండుమిరప మన గుంటూరు మిరపవంటిది కాదు. ఒకటి ‘ఆంచో’; నల్లగా, వెడల్పుగా, ఎండుద్రాక్ష వాసనతో నుండును. రెండవది ‘గ్వాహియో’, ఎఱ్ఱగా, నున్నగా నుండును. కారమును కొలుచు స్కోవిల్ కొలతలో ఆంచో సుమారు 1,000 నుండి 2,000 మాత్రమే. మన గుంటూరు సన్నము 35,000 నుండి 40,000 వరకు నుండును. మిరపలో కారము గింజలలో నున్నదని మనమనుకొందుము. నిజమునకు గింజలను పట్టియుండు తెల్లని పొరలోనే అది నిలిచియుండును. ఆ కారపు పదార్థము కొవ్వులో కరగును, నీటిలో సరిగా కరగదు. కావున కొవ్వు తగ్గించిన కూరలో అదే కారము నాలుకకు మరింత పదునుగా తగులును. నేను నేయి నూనెలు తీసివేసి, గుంటూరు కారమును మాత్రము మునుపటివలెనే చల్లుచుంటిని. మావారి నోరు ఎంత మండెనో అప్పుడు తెలిసినది!

ఇక వంట చెప్పెదను. మేక తొడయు భుజమును కలిపి ఎముకలేని మాంసము ఒకటింపావు కిలో తీసికొని, పైకొవ్వు తీసివేసి, అంగుళమున్నర ముక్కలుగా కోయవలెను. ఆరు ఆంచోలు, నాలుగు గ్వాహియోలు తొడిమలు తీసి, గింజలు దులిపి, పెనముమీద వాసన వచ్చువరకు మాత్రము వెచ్చచేయవలెను, మాడినచో చేదగును. వానిని వేడినీట అరగంట నానబెట్టి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలతోను, వేయించిన జీలకఱ్ఱ మూడు చిన్నచెంచాలతోను మెత్తగా రుబ్బవలెను. మూతగల మందపు ఇనుపగిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, మాంసములో సగమును మాత్రము ఎఱ్ఱబడునట్లు వేయించవలెను; ఆ ఎఱుపు రుచికి, తక్కిన సగము మెత్తదనమునకు. పిదప తరిగిన ఉల్లిపాయలు రెండు, రుబ్బిన ముద్ద, మన వామాకును తలపించు ఒరెగానో ఆకుపొడి ఒక చెంచా, ఉప్పు, ముక్కలు మునుగునంత నీరు చేర్చవలెను. చిక్కుడు గింజలు వేయవచ్చునా యని అడిగితిని. అవ్వ నావైపు చూచిన చూపుతో, టెక్సాసువారి యెదుట ఆ ప్రశ్న మరల వేయరాదని గ్రహించితిని.

అంతట అవ్వ ఓవెను తలుపు తెరచినది. మా యింట ఓవెనును నేనంతవరకు పెనములు దాచు పెట్టెగానే వాడుకొంటిని. లోనికి వంగి చూడగా నాకు మన కుమ్మరివారి ఆవము జ్ఞాపకము వచ్చినది. ఆమె వేడిని 300 ఫారన్‌హీటు డిగ్రీలకు, అనగా సెల్సియసు కొలతలో సుమారు 150కి త్రిప్పి, గిన్నెను మూతతో లోనుంచినది. పొయ్యిమంట గిన్నె అడుగును మాత్రము కాల్చును. చిక్కని కూర అడుగంటును. ఓవెనులో వేడి నలుప్రక్కలనుండి సమముగా తాకును. కూర బుడబుడ మరుగక, నీటిమీద గాలి వీచినట్లు చిన్నగా వణకుచుండును. మా అమ్మమ్మ దాలిలో పిడకలసెగను పాలకుండ నుంచి సాయంకాలమునకు ఎఱ్ఱని మీగడ కట్టించెడిది. ఇదియు ఆ విద్యయే.

మాంసమునకు మెత్తదనమిచ్చునది కొవ్వొక్కటే యని నేను భ్రమపడియుంటిని. తొడ, భుజము, పిక్క వంటి పనిచేసిన కండలలో పోగులను పట్టియుంచు తెల్లని నారపదార్థము కలదు. దానిని కొల్లాజను అందురు. తడిగల వేడి సుమారు 70 సెల్సియసు డిగ్రీలు దాటి గంటలకొలది తగులగా అది మెల్లగా కరగి జెలాటినుగా మారును. కొవ్వు లేకున్నను కూరకు చిక్కదనమును, ముక్కకు జారుడుతనమును ఇచ్చునది ఆ జెలాటినే. పెద్దమంట పెట్టినచో, ఆ నార కరగుటకు ముందే కండపోగులు ముడుచుకొని తమలోని నీటిని పిండివేయును. కోడి రొమ్ముమాంసమున ఈ నార చాల తక్కువ. దానిని ఈ పద్ధతిని వండరాదు.

గంటన్నర గడచిన పిమ్మట ఆగలేక మూత తీయించి ఒక ముక్క కొరికితిని. రాయివలె నున్నది! “చెడిపోయినది, అవ్వా,” యని వేడి హెచ్చించుటకు చేయి చాపితిని. ఆమె నా చేయి పట్టుకొని, “ఇది బిగిసియుండు వేళ. ఇప్పుడు మంట పెంచినవారికి ఇంతకంటె మెత్తని ముక్క ఎన్నడును దొరకదు. మూత వేయుము,” అనెను. నాకు మా యింటి నాలుగు దినములు తలపునకు వచ్చినవి. మాటాడక మూత వేసితిని.

మిగిలిన సేపు నన్ను కూడ ఒక కథ చెప్పుమనినది. వచ్చీరాని ఆంగ్లములో నలదమయంతుల కథ చెప్పితిని. వ్యాసభారతమున, రూపము మారి బాహుకుడను పేర వంటవాడైయున్న నలుని గుర్తించుటకు, దమయంతి అతడు వండిన మాంసమును కేశినిచేత తెప్పించుకొని రుచి చూచును. ఆ రుచివలననే అతడు తన భర్తయని నిశ్చయించుకొనును. అవ్వ సంతోషించి, “కన్ను మోసపోవునుగాని నాలుక మరువదు,” అనెను. నాలుకను నిందించి వచ్చిన నాకు ఆ మాట సూటిగా తగిలినది.

రెండున్నర గంటలైన పిమ్మట మూత తీసి, మొక్కజొన్నగింజలను సున్నపునీట ఉడికించి విసిరిన ‘మాసా’ పిండి రెండు చెంచాలు నీట కలిపి పోసి, మూతలేకుండ మరియొక అరగంట ఉంచితిమి. గరిటె అంచు తగులగానే ముక్క పోగులుగా విడిపోయినది. అయినను అవ్వ ఆనాడు తిననియ్యలేదు. కూరను వెడల్పు గిన్నెలలో పోసి ఆరనిచ్చి, రెండు గంటలు దాటకముందే చల్లనిపెట్టెలో పెట్టించినది. మరునాటి ఉదయమున చూడగా మిగిలిన కొవ్వు పైన తెల్లగా పేరుకొనియున్నది. చెంచాతో తేలికగా వచ్చినది. నా కత్తి చేయలేని పని రాత్రి చేసినది.

ఆదివారము మధ్యాహ్నము కూర వెచ్చచేసి, మొక్కజొన్నరొట్టెలతో వడ్డించితిని. నేనేమియు చెప్పలేదు. మావారు మొదటి తునుక తిని నావైపు చూచిరి. రెండవది తినిరి. మూడవదానివద్ద చేయి ఆగినది. కన్నులు తడియైనవి.

“కనుమనాడు నాయన వండిన మాంసము ఇట్లే ఉండెడిది,” అనిరి.

మా మామగారు ఏటేట కనుమ పండుగనాడు దొడ్డిలో మూడు రాళ్లు పెట్టి, పిడకలసెగమీద మట్టిచట్టి నుంచి, ఉదయమునుండి మధ్యాహ్నమువరకు దాని యెదుటనే పీటవేసికొని కూర్చుండెడివారట. ఎవ్వరిని మూత ముట్టనిచ్చెడివారు కారట. రుచి వేరట, మసాలా వేరట. ముక్క మాత్రము ఇట్లే నోట విడిపోయెడిదట. మావారు తండ్రి లెక్కలు చెప్పిన తీరు, సంతలో మేకను ఎంచిన తీరు, పేకాటలో ఓడి అలిగిన తీరు చెప్పుచు పోయిరి. పిల్లలు తాతగారి మాటలు విని పకపక నవ్విరి. 2019 తరువాత మా యింట ఆయన కథలు వినబడుట అదియే మొదటిసారి. నాలుగేండ్లుగా ఆయన మాకొక భయముగానే మిగిలియుండిరి. ఆనాడు మరల మనిషియై మా పంక్తిని కూర్చుండిరి.

పిల్లలు లేచిన పిమ్మట, “నేనట్లు అనకుండవలసినది. నన్ను క్షమింపుడు,” అంటిని. మావారు కొంతసేపు ఊరకుండి, “నీవు భయపడి అన్నావు. నేనును భయపడియే దాచినాను. ఇకమీదట తినదలచినది నీ యెదుటనే తిందును, వలదన్నచో అప్పుడే వలదనుము,” అనిరి. నాటినుండి చీటీలు లేవు. భోజనమైన పిమ్మట ఇద్దరమును కలిసి నడచుట అలవాటు చేసికొంటిమి.

ఆరు నెలలకు మరల పరీక్ష చేయించగా ఆ 172 దిగి 108 అయినది. ఇది చిల్లీ మహిమయని నేను చెప్పను. మాత్ర ముఖ్యకారణమనియు, తిండియు నడకయు దానికి తోడైనవనియు వైద్యురాలు స్పష్టముగా చెప్పినది. మందులు మానివేసి కూరలు నమ్ముకొనవలదని మీకును మనవి. ఈ కూరయైనను మాయింట వారమున కొక్కసారి మాత్రమే. పళ్లెములో మాంసము తక్కువగను, కాయగూరలు హెచ్చుగను వడ్డింతును.

ఓవెను లేని సోదరీమణులు అడుగు మందపు గిన్నెను పెనముమీద నుంచి, గట్టి మూతవేసి, మిక్కిలి సన్నని సెగను వండవచ్చును. నడుమ నడుమ అడుగు కలియబెట్టవలెను. ఆంచోలు దొరకనిచో రంగు హెచ్చు, కారము తక్కువయైన బ్యాడిగె మిరప వాడుడు. గంటన్నరకు ముక్క బిగిసియుండును. అప్పుడు మాత్రము మంట పెంచకుడు.

వచ్చు కనుమకు మావారు తామే వండెదమని చెప్పుచున్నారు. అవ్వను కూడ పిలిచితిమి. మూత ఎవ్వరిని ముట్టనీయమని ఇప్పటినుండియే పిల్లలను హెచ్చరించుచున్నారు.